కిరణవైద్యుని చదువు

వైద్యవిద్యయందలి శాఖలలో శస్త్రచికిత్స మిక్కిలి ప్రాచీనమైనది. కిరణచికిత్స మిక్కిలి పిన్నది. కత్తి సుశ్రుతుని చేతిలోనే యుండెను. కిరణమో, 1895వ సంవత్సరమునకు పూర్వము దాని నెరిగినవా డెవడును లేడు. మన పూర్వులు రాచపుండనియు, నేటివారు క్యాన్సరనియు చెప్పు వ్యాధికి ఇప్పుడు ముఖ్యముగా మూడు విధములగు చికిత్సలు జరుగుచున్నవి: కోయుట, మందిచ్చుట, కిరణములచే మాడ్చుట. ఈ మూడవదానిని మా మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములయందు జనులు ‘కరెంటు పెట్టించుట’ యందురు. ఆ పేరు సరియైనది కాదు. ఇందు విద్యుత్తు రోగిని తాకదు. అయినను శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులకంటె ఆ పేరే రోగి భయమును చక్కగా తెలుపుచున్నది. కంటికి కానరానిది, పడునప్పుడు నొప్పి యైనను తెలియనిది యగు నొక శక్తిని తన దేహములోనికి పంపుటకు అతడు ముక్కుమొగము తెలియని వైద్యునికి సమ్మతి నిచ్చుచున్నాడు. ఆ వైద్యుడు ఎప్పుడు చదివెనో, ఎంతవరకు చదివెనో, చదువుట యెప్పుడు మానెనో రోగి యెరుగడు. అడుగుటకు ధైర్యమును లేదు. ఆ ప్రశ్ననే మేము ఇచట చరిత్రనుబట్టి అడుగదలచితిమి.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీ దేశమందలి వుర్ట్స్‌బర్గు నగరమున రాంట్‌జెను పండితుడు ఎక్స్‌కిరణములను కనుగొనెను. మరుసటి సంవత్సరముననే అమెరికాలోని చికాగోలోను, ఫ్రాన్సులోని లియానులోను క్యాన్సరు రోగులపై వానిని ప్రయోగించిరి. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. ఇంత శీఘ్రముగా ప్రయోగశాలనుండి రోగి మంచమునకు వచ్చిన విద్య మరియొకటి యున్నదో లేదో! కాని ఆ కాలమున దీనిని బోధించు గురువు లేడు, గ్రంథము లేదు, కొలతబద్ద లేదు. గొట్టము నేటి దినమున ఎంత బలముగా పనిచేయుచున్నదో తెలిసికొనుటకు వైద్యులు తమ చేతినే దాని యెదుట పెట్టి చూచుకొనుచుండిరి. చేతి చర్మము ఎర్రబడినచో అదియే కొలత. ఇట్లు చూచుకొన్న చేతులు కొన్నియేండ్లకు పుండ్లుపడెను, వ్రేళ్లు పోయెను, పిదప ప్రాణములే పోయెను. ఎడిసను మహాశయుని ప్రయోగశాలలో పనిచేసిన క్లారెన్సు డాలీ యనునతడు 1904లో ఇట్లే మరణించెను. 1936లో హాంబర్గు నగరమున ఒక వైద్యశాల ప్రాంగణములో, కిరణములవలన ప్రాణములు గోల్పోయిన వైద్యులకును పరిచారకులకును పలుదేశముల పేళ్లతో స్మారకశిల నెత్తిరి. మేరీ క్యూరీ అంతకు రెండేండ్ల ముందే, 1934లో, రక్తక్షీణతచే గతించెను. వీరందరు మూర్ఖులు కారు. బోధించువారు లేనప్పుడు విద్య తన రుసుమును ఈ విధముగా పుచ్చుకొనును.

మొదటి పాఠము పారిసునుండి వచ్చినది. అచట రెగో యను శాస్త్రజ్ఞుడు పొట్టేళ్లపై ప్రయోగములు చేసెను. పొట్టేలి వృషణములను నిర్బీజము చేయుటకు ఒక్క పెట్టున కిరణమును పంపినచో పైచర్మము మాడిపోయెను. అదే పనిని కొన్ని దినములకు పంచి చేసినచో చర్మము నిలిచి, కార్యము నెరవేరెను. (గొర్రెల మందలు మిక్కుటముగా గల మా ప్రాంతపు కాపరికి ఈ సంగతి చెప్పినచో నవ్వును గాని, వెంటనే గ్రహించును.) ఆయన సహచరుడగు కూతార్ 1920వ దశాబ్దమున ఈ న్యాయమునే గొంతు క్యాన్సరుగల మనుష్యులకు అన్వయించెను. నేడు రోగిని వారమున కైదు దినములు, కొన్ని వారములు పిలిచి కొద్దికొద్దిగా కిరణము పెట్టుటకు కారణ మిదియే. మన ఆరోగ్యకణములు రాత్రికి రాత్రి తమ గాయములను బాగుచేసికొనగలవు. క్యాన్సరు కణములకు ఆ నేర్పు తక్కువ. కావున ‘ఎన్ని దినములు, దినమున కెంత’ యను లెక్కయే ఈ చికిత్సకు ప్రాణము. 1934లో ఇంగ్లండు మాంచెస్టరులో పాటర్సను, పార్కరు అను నిరువురు రేడియపు సూదులను ఎచట నెన్ని గుచ్చిన ఎంత కిరణము పడునో నియమములు కట్టి పట్టికలుగా ప్రకటించిరి. అంతవరకు ఒక్కొక్క వైద్యుని చేతివాటముగా నున్నది, అప్పటినుండి ఒకనినుండి యొకనికి నేర్పదగిన విద్య యైనది.

ఆ 1934వ సంవత్సరమే మన చెన్నపట్టణమున గూడ ముఖ్యమైనది. అచటి ప్రభుత్వ వైద్యశాలలో బర్నార్డు పేర రేడియాలజీ సంస్థ వెలసినది ఆ యేటనే. అప్పుడు మార్కాపురము తాలూకా కర్నూలు జిల్లాలోనిది. కర్నూలు జిల్లా మద్రాసు రాజధానిలోనిది. కావున నల్లమల యంచుల నున్న మా పల్లెలవారికి కిరణవైద్యము కావలెనన్నచో చెన్నపట్టణమే దిక్కు.

చెన్నపట్టణమున ఈ విద్యను నిలిపినవారిలో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి పేరును మన పాఠకురాండ్రు ఎరుగనివారుండరు. దేవదాసీ నిర్మూలనమునకు చట్టసభలో పోరాడిన విదుషి యని యామెను స్మరింతుము. అంతకంటె తక్కువ తెలిసిన కథ యొకటి కలదు. 1923లో ఆమె చెల్లెలు క్యాన్సరుచే మరణించెను. వైద్యురాలై యుండియు చెల్లెలిని కాపాడలేకపోయితినను దుఃఖము ఆమెను విడువలేదు. 1925లో ఇంగ్లండునకు పోయినపుడు అచటి క్యాన్సరు వైద్యశాలను చూచి, అటువంటిది ఇచటను కావలెనని సంకల్పించెను. 1952లో నెహ్రూగారు అడయారున శంకుస్థాపనము చేసిరి. 1954లో పండ్రెండు పడకలతో ఆ సంస్థ తెరువబడినది. సంకల్పమునకును కార్యసిద్ధికిని నడుమ ఇరువదియెనిమిది సంవత్సరములకు పైగా గడచినవి. ఇందు ధనము కొరతయే గాక మరియొక కొరతయు నుండెను: చికిత్స చేయ నేర్చిన వైద్యులు లేరు. ఆమె కుమారుడగు డాక్టరు కృష్ణమూర్తిగారు విదేశములలో ఈ విద్యను నేర్చి వచ్చిన పిమ్మటనే అది సాధ్యమైనది. కెనడాలో 1951లో మొట్టమొదట రోగులపై ప్రయోగింపబడిన కోబాల్టు యంత్రము కొలది యేండ్లకే అడయారునకు వచ్చినది. యంత్రమును ఓడపై తేవచ్చును. దానిని నడుపు బుద్ధిని అట్లు తేవీలులేదు.

తెలుగుదేశమున హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగుగారి పూనికచే 1955లో రేడియము సంస్థయు క్యాన్సరు వైద్యశాలయు స్థాపితమైనవి. ఇప్పుడది ఆయన పేరనే ప్రసిద్ధము. కర్నూలులో వైద్యకళాశాల 1956లో పుట్టినది. ఆ కళాశాలలో వైద్యము చదివిన నోరి దత్తాత్రేయుడుగారు, కృష్ణా జిల్లా మంటాడవారు, పిదప న్యూయార్కునకు పోయి కిరణవైద్యమున ప్రపంచఖ్యాతి గాంచిరి. 2015లో పద్మశ్రీ పొందిరి. 1970 ఫిబ్రవరిలో మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలునుండి విడివడి, గుంటూరు నెల్లూరు జిల్లాల ముక్కలతో కలిసి ఒంగోలు జిల్లా యైనవి. 1972లో దానికి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. కచ్చేరి ఒంగోలునకు మారినది గాని, రోగి కాళ్లకు మాత్రము పాత దారులే తెలిసియున్నవి. నేటికిని మా వారు గుంటూరు–నంద్యాల రైలుమార్గమున తూర్పునకు గుంటూరు పోవుదురు. లేదా పడమటికి పోయి కర్నూలు చేరుదురు. కలిగినవారు హైదరాబాదు పోవుదురు. గుంటూరు ప్రభుత్వ వైద్యశాలలో 2020లో నాట్కో పేర క్యాన్సరు కేంద్రము నెలకొన్నది. విశాఖపట్టణమున టాటావారి హోమీభాభా క్యాన్సరు వైద్యశాల కలదు. 2007లో ఆరోగ్యశ్రీ యను పేర నారంభమై, పిదప పేళ్లు మారినను సాగుచున్న పథకమువలన బీదల చికిత్సవ్యయము చాలవరకు ప్రభుత్వమే భరించుచున్నది. ఇవియన్నియు మేలైన మార్పులే. మా తాతల కాలమున రాచపుండు పుట్టినచో పసరు పోసి, దేవునికి మ్రొక్కి, పెరటి గదిలో పడుకొనబెట్టుటయే గాని వేరుదారి లేకుండెను.

ఇక అసలు విషయమునకు వత్తము. కోబాల్టు యంత్రములోని మూలద్రవ్యము దినదినము క్షీణించుచుండును. అయిదు సంవత్సరముల మూడుమాసములలో దాని శక్తి సగమగును. నెలకు నూటికి ఒకటికి పైగా తరుగును. అందుచే నెలనెలకు లెక్క దిద్దుకొని, అంతకంతకు ఎక్కువ సేపు కిరణము పెట్టవలయును. ఈ దిద్దుబాటు తప్పినచో ఏమగును? అమెరికాలో ఓహయో రాష్ట్రమందలి కొలంబసు నగరమున 1974 మొదలు 1976 వరకు ఒక వైద్యశాలలో ఈ క్షీణతాపటమును తప్పుగా గీసిరి. ద్రవ్యము నిజముగా తరిగినదానికంటె ఎక్కువ తరిగినట్లు లెక్కవేసిరి. తత్ఫలితముగా 426 మంది రోగులకు మితిమీరిన కిరణము పడినది. యంత్రము చెడలేదు. దుష్టబుద్ధి యెవరికిని లేదు. ఒకసారి గీసిన గీతను సుమారు రెండేండ్లు ఎవరును మరల కొలిచి చూడలేదు, అంతే.

మేము ఈ వృత్తాంతమును చదివినప్పుడు వైద్యుని చదువు గూడ ఇట్టిదే కదా యని తోచినది. కళాశాలనుండి వచ్చిన నాడు నిండుగా నుండును, కొన్నియేండ్లకు సగమగును. తరిగినట్లు బయటికి తెలియదు. కోబాల్టు గది తలుపు ఎప్పటివలెనే మూసికొనును, దీపము ఎప్పటివలెనే వెలుగును. 2002లో భారత వైద్యమండలి ప్రకటించిన ప్రవర్తన నియమములలో ప్రతివైద్యుడును అయిదు సంవత్సరములలో ముప్పది గంటలైనను నిరంతర విద్యాసభలకు హాజరు కావలెనని యున్నది. అయిదు సంవత్సరములు! కోబాల్టు సగము తరుగు కాలమే. ముప్పది గంట లనగా ఏడాదికి ఆరు గంటలు. మా పాఠశాలలో అయిదవ తరగతి బాలుడు ఒక్క దినమున బల్లపై కూర్చుండు కాలము.

ఫ్రాన్సుదేశమున ఎపినాలు అను చిన్న పట్టణము కలదు. 2004, 2005 సంవత్సరములలో అచటి వైద్యశాలలో చికిత్సాపద్ధతిని మార్చి, క్రొత్త గణకయంత్ర కార్యక్రమమును ప్రవేశపెట్టిరి. ఆ కార్యక్రమపు తెరపై మాటలు ఇంగ్లీషులో నుండెను. పనివారు ఫ్రెంచివారు. వారికి తమ భాషలో మార్గదర్శి గ్రంథము లేదు. ఇచ్చిన శిక్షణము చాలలేదు. తెరపై నొక యెంపికను తప్పుగా గ్రహించిరి. పురుషుల మూత్రాశయము క్రింద నుండు ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరుకై వచ్చినవారిలో ఇరువదిమందికి పైగా మితిమీరిన కిరణము పడి, వారిలో కొందరు మరణించిరి. నాగరికతకు ముఖద్వారమని చెప్పుకొను దేశమున, ధనమునకు లోటులేని చోట, ఇట్లు జరిగినది! పరభాషలో చదువుకొన్నవారి కష్టము మన తెలుగువారికి వేరుగా చెప్పవలసిన పని లేదు. మా గ్రామీణ వైద్యశాలలలో యంత్రము ప్రక్కన నిలుచు పరిచారకుడు తెలుగు బడిలో చదివినవాడు. యంత్రము మాటలాడునది ఇంగ్లీషు. వైద్యునికి మాత్రమే చదువు చెప్పి అతనిని విడిచినచో సగము పని మిగిలిపోవును.

ఇంతవరకు చెప్పినవి ఘోరప్రమాదములు. అవి అరుదు. అరుదు కానిది, పత్రికల కెక్కనిది, మరియొక నష్టము కలదు. చదువరులు దీనిని ఓపికతో వినవలెనని ప్రార్థించుచున్నాము. మా ప్రాంతపు బీదలకు దీనివలననే ఎక్కువ హాని.

గిద్దలూరు దగ్గర నొక పల్లెలో కూలిపనికి పోవు నొక యిల్లాలికి రొమ్మున గడ్డ లేచినదనుకొనుడు. శస్త్రచికిత్స జరిగినది. ఇక కిరణము పెట్టించుకొనవలెను. పాత పద్ధతి ప్రకారము ఇరువదియైదు దినములు, అనగా అయిదు వారములు, పట్టణమున ఉండవలయును. కిరణపు రుసుము ప్రభుత్వ మిచ్చును. కాని గది యద్దె, అన్నము, తోడువచ్చిన మగని కూలి, ఇంటివద్ద విడిచివచ్చిన బిడ్డలు, పాలిచ్చు బఱ్ఱె, చేనిలోని మిరపకాయలు, వీని వ్యయమును ఏ పథకమును ఇవ్వదు. రెండవ వారము గడచునప్పటికి ఆమె ‘ఇంక నా వల్ల కాదయ్యా’ యని రైలెక్కును. సగము చికిత్స చికిత్స కాదు.

ఈ ఇరువదియైదు దినములు వేదవాక్యము కావు. ఇంగ్లండులో జరిగిన పరీక్షలు, పదునైదు దినములలో నలుబది గ్రేల కిరణము పెట్టినను, ఇరువదియైదు దినములలో ఏబది గ్రేలు పెట్టినంత ఫలమును ఇచ్చునని 2008లో చూపినవి. (గ్రే యనునది కిరణపు కొలత, ఇంగ్లీషు శాస్త్రజ్ఞుని పేర వచ్చినది.) కెనడావారు పదునారు దినముల పద్ధతిని పదేండ్లు పరిశీలించి 2010లో అదే మాట చెప్పిరి. 2020లో ఇంగ్లండునుండియే వెలువడిన మరియొక పరిశోధనము, తగిన రోగులను ఏరుకొన్నచో, అయిదు దినములలో ఇరువదియారు గ్రేలు చాలునని తెలిపినది. అయిదు వారములు, మూడు వారములు, ఒక వారము! అందరికిని ఒకటే పద్ధతి చెల్లదు. రోగమును బట్టి వైద్యుడే నిర్ణయింపవలెను. కాని నిర్ణయించుటకు తెలిసియుండవలెను గదా. ఒకే యంత్రము, ఒకే రోగము, ఒకే రోగిణి. ఆమె యిల్లు విడిచి యెన్నాళ్లుండవలెనో, చికిత్సను ముగించునో మధ్య విడుచునో, తేల్చునది ఆమె వైద్యుడు ఏ సంవత్సరమునందు పుస్తకము మూసెనను నొక్క విషయమే.

ఎముకలకు ప్రాకిన క్యాన్సరువలన కలుగు నొప్పిని గూర్చియు ఇట్లే చెప్పవలసియున్నది. పది దినములు కిరణము పెట్టుట పాత యాచారము. ఒక్క దినమున ఎనిమిది గ్రేలు పెట్టినను నొప్పి అంతే తగ్గునని 1990వ దశాబ్దమునుండి అనేక దేశముల పరీక్షలలో తేలినది. కొందరికి మాత్రము కొన్నాళ్లకు మరల పెట్టవలసి వచ్చును. మరణము సమీపించిన ముసలితండ్రిని మార్కాపురమునుండి పదిసార్లు మోసికొనిపోవుటకును, ఒక్కసారి తీసికొనిపోవుటకును గల భేదము ఆ కొడుకు నడిగిన తెలియును. ఇట్టి సంగతి తెలిసియు పది దినములే వ్రాయువారు లోకమున లేకపోలేదు. కొన్నిచోట్ల దినములను బట్టి రుసుము వచ్చుటయే దానికి కారణమని వైద్యులే చెప్పుచుందురు. అది విద్యకు సంబంధించిన లోపము గాదు కనుక ఇచట విడిచెదము.

దీనికి వ్యతిరేకముగా, చేర్చవలసినది చేర్చకపోవుటయు కలదు. మన పల్లెటూళ్ల స్త్రీలను ఎక్కువగా పీడించునది గర్భాశయముఖమునందలి క్యాన్సరు. సిగ్గుచే దాచుకొని, రక్తస్రావము మిక్కుటమైన పిమ్మట వత్తురు. 1999 ఫిబ్రవరిలో అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థవారు వైద్యులకు విశేష ప్రకటన చేసిరి. అయిదు పరీక్షల ఫలముగా, ఇట్టి రోగులకు కిరణముతోపాటు సిస్ప్లాటిను మొదలగు మందును గూడ ఇచ్చినచో ఎక్కువమంది బ్రదుకుదురని తేలినది. 1998లో పట్టము పుచ్చుకొన్న వైద్యుడు తన పుస్తకమున ఈ వాక్యమును చదివి యుండడు. ఆయన పరీక్షలో ప్రథముడై యుండవచ్చును. బంగారుపతకము పొంది యుండవచ్చును. ఒక్క సంవత్సరము తిరుగకుండ ఆ పాఠము పాతబడినది.

నేటి కిరణవైద్యములో బొమ్మ గీయుట ముఖ్యమైన పని. పూర్వము ఎముకల గుర్తులనుబట్టి నలుచదరముగా హద్దులు పెట్టెడివారు. ఇప్పుడు దేహమును పలుచని పొరలుగా చిత్రించి, ప్రతిపొరమీదను వ్యాధి యెంతవరకు వ్యాపించినదో వైద్యుడు స్వయముగా గీత గీయును. గీతలోపల పడినది మాడును. వెలుపల పడినది మిగులును. ఒకే రోగి చిత్రములను పదిమంది వైద్యుల కిచ్చిన పదివిధములుగా గీయుదురని పరిశోధకులు పలుమారులు చూపిరి. మేము దీనికి ఆశ్చర్యపడలేదు. మార్కాపురపు పలక మీద పిల్లలచేత జిల్లా పటమును గీయించిన ఉపాధ్యాయుడెవడును ఆశ్చర్యపడడు. ఒకడు కంభము చెరువును జిల్లాలో సగము చేయును, మరియొకడు దానిని మరచును. పిల్లలకు మేము చేయునది యేమి? పలకలను వరుసగా పెట్టి, అసలు పటముతో పోల్చి, ఎవరి గీత ఎచట తప్పినదో వారిచేతనే చెప్పింతుము. కిరణవైద్యుల నిరంతరవిద్యలో మిక్కిలి ఫలప్రదమైనది గూడ సరిగా ఇదియే. ఒక రోగి చిత్రములను అందరికి నిచ్చి, ఎవరిగీత వారు గీసిన పిమ్మట, అనుభవజ్ఞులు కలిసి నిర్ణయించిన గీతతో పోల్చి చూపుదురు. ఉపన్యాసము వినుటకంటె ఇది నూరురెట్లు మేలు. తన గీత తప్పినదని తన కంటితో చూచినవాడు ఇంటికి పోయి మరల చదువును.

మన దేశమున కిరణవైద్యులకు అఖిలభారత సంఘము కలదు; దాని విద్యాశాఖవారు యువవైద్యులకు పాఠములు ఏర్పాటు చేయుచున్నారు. టాటా స్మారక వైద్యశాలవారి నాయకత్వమున 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సరు వైద్యశాలల కూటమి దూరదృశ్య సమావేశములలో కఠినమైన రోగములను గూర్చి చర్చలు జరుపుచున్నది. ఇవి కొనియాడదగినవి. కాని నిరంతర విద్య యను పేర జరుగు సభలన్నియు ఇట్టివే యని చెప్పజాలము. నక్షత్రముల హోటలులో సభ; ద్వారమువద్ద సంతకము; యంత్రములు అమ్ము కంపెనీవారి వర్ణనము; మధ్యాహ్నము విందు; సాయంకాలము పత్రము చేతికి. గంటలు లెక్కకు వచ్చినవి, విద్య రాలేదు. విక్రేత చెప్పునది పాఠము కాదు. వస్తువును అమ్మువాడు దాని గుణములను చెప్పును గాని, దానిని కొననక్కరలేని సందర్భములను చెప్పడు. ఉపాధ్యాయులమగు మాకును వేసవిలో శిక్షణతరగతులు జరుగును గనుక, హాజరుపట్టీకిని నేర్చుటకును గల దూరము మాకు బాగుగనే తెలియును.

మన ప్రాచీనులు ఈ విషయమున మనకంటె నిష్కర్షగా ఆలోచించిరి. చరకసంహిత విమానస్థానమున వైద్యుడు తనతో సమానమగు విద్యగలవారితో సంభాషించుటను గూర్చి సవిస్తరముగా కలదు. దానికి తద్విద్యసంభాష యని పేరు. అందు రెండు విధములు: స్నేహభావముతో సందేహములు తీర్చుకొనుట యొకటి, వాదములో ఎదిరించుట రెండవది. ఎవరితో ఏది తగునో గూడ ఆ గ్రంథము చెప్పుచున్నది. సుశ్రుతుడు శస్త్రము పట్టబోవు శిష్యుని మొదట గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలపై అభ్యసింపుమనెను. శాస్త్రమంతయు చదివినను చేతిపని అభ్యసింపనివాడు కార్యమునకు తగడని ఆయన మతము. మేము ప్రాచీనులలో అన్నియు నున్నవని చాటువారము కాము. కిరణములు వారికి తెలియవు, తెలిసినవని చెప్పుట అసత్యము. కాని నేర్చుటకు హద్దు లేదనియు, తోటివారి యెదుట తన సందేహమును ఒప్పుకొనుట వైద్యునికి సిగ్గుచేటు కాదనియు వారు ఎరిగియుండిరి. ఈ రెండవది నేటి సభలలో అరుదు.

ఇంతకును కిరణవైద్యులొక్కరికే ఈ చదువు కావలెనా? మా ప్రాంతమున కిరణయంత్రము లేదు గనుక మాకు దీనితో పని లేదని కొందరు వైద్యమిత్రు లనుచుందురు. ఇది పొరబాటు. రోగి కిరణము పెట్టించుకొనునది పట్టణముననే. ఆ తరువాత బ్రదుకునది మాత్రము మా యూళ్లలో. పొదిలి, కనిగిరి ప్రాంతములలో పొగాకు పండును. చుట్టయు ఖైనీయు దానితోపాటే పండినట్లున్నవి. నోటి క్యాన్సరులు కావలసినన్ని. నోటికి, దవడకు కిరణము పెట్టినచో దవడయెముకకు రక్తప్రసారము తగ్గును. ఆ పిమ్మట రెండేండ్లకో, పదేండ్లకో పన్ను నొప్పి పుట్టి, విషయము తెలియని దంతవైద్యుడు దానిని ఊడబెరికినచో, ఆ పుండు మానదు, ఎముక చచ్చును, దవడ విరుగును. కావుననే చెడిన పండ్లను కిరణమునకు ముందుగానే తీసివేయవలెను. పిదప తీయవలసివచ్చినచో కిరణవైద్యునికి తెలిపి జాగ్రత్తతో తీయవలెను. ఇది పెద్దవిద్య కాదు. పావుగంటలో చెప్పవచ్చును. కాని చెప్పినవారెవరు? అట్లే పొత్తికడుపునకు కిరణము పెట్టించుకొన్న స్త్రీకి కొన్నియేండ్లకు మలద్వారమున రక్తము పడినచో దానిని మొలలని కోయరాదు. కిరణము సోకిన ప్రేగుగోడ కోతకు ఓర్వదు.

కనుక మార్కాపురమునను గిద్దలూరునను పనిచేయు సాధారణవైద్యులకు నెల కొక్కసారి, గుంటూరునుండియో కర్నూలునుండియో, దూరదృశ్య సాధనమున ఒక గంట పాఠము ఏర్పాటు కావలెనని మా కోరిక. తమ ప్రాంతమునుండి వచ్చిన రోగులనే ఉదాహరణముగా తీసికొని, పేళ్లు విడిచి, ఏమి చేసితిమో, ఇకమీద ఏమి కనిపెట్టవలెనో అచటి కిరణవైద్యులు చెప్పవలెను. రోగి చేతికిచ్చు చీటీలో పెట్టిన కిరణపు మొత్తమును, పెట్టిన చోటును, జాగ్రత్తలను ఇంగ్లీషుతోపాటు తెలుగులోను వ్రాయవలెను. అప్పుడు ఇంటిలోని చదువుకొన్న కోడలైనను దానిని పన్ను పీకు వైద్యునికి చూపగలదు. ఆ గంట పాఠమునకు దంతవైద్యులను, మందులదుకాణమువారిని, ఊరూర తిరుగు ఆరోగ్యకార్యకర్తలను గూడ పిలువవలెను. విందు అక్కరలేదు, మంచినీళ్లు చాలును.